డిచ్‌పల్లి చూపు: లోపలి క్యాన్సర్‌కు చర్మం పలికే సాక్ష్యం

నిజామాబాదులో వైద్యం గురించి జరిగే సభ ఏదైనా డాక్టర్ ఇసబెల్ కెర్ పేరు తలచుకోకుండా మొదలుకావడం న్యాయం కాదు. ఆమె స్మృతిలో ఏర్పాటైన ఈ సభకు వైద్య కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు, ప్రభుత్వ ఆసుపత్రి నర్సులు, ఊళ్లలో ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, బోధన్ వైపు నుంచి చెరుకు రైతులు, పాత చక్కెర కర్మాగారం కార్మికుల కుటుంబాలు తరలిరావడం నేటి విషయానికి ఎంతో తగినది. ఇక్కడ ప్రస్తావనకు వచ్చే వ్యాధి లక్షణం మహానగరంలోని నిపుణుడి కంట పడేలోపే ఇంట్లో వాళ్ల చేతికి తగులుతుంది. పెద్దవాళ్లకు స్నానం చేయించే కోడలి చేయి, తలకు నూనె రాసే కూతురి చేయి, దవాఖానలో సూది వేసే నర్సు చేయి దాన్ని ముందుగా తాకుతాయి.

ఊపిరితిత్తిలోనో, మూత్రపిండంలోనో, జీర్ణాశయంలోనో, అండాశయంలోనో పుట్టిన క్యాన్సర్ కొందరిలో చర్మం మీదికి పాకి గడ్డగా తేలుతుంది. వైద్యులు దాన్ని చర్మ మెటాస్టాసిస్ అంటారు. ఎక్కువమందిలో ఇది అప్పటికే తెలిసిన క్యాన్సర్ ముదిరినప్పుడు వస్తుంది. కొద్దిమందిలో మాత్రం లోపల క్యాన్సర్ ఉందన్న సంగతే తెలియదు. దగ్గు ఉండదు, నొప్పి ఉండదు, ఛాతీ మీదో తల మీదో బొడ్డు దగ్గరో ఒక గట్టి గడ్డ ఉంటుంది. లోపలి వ్యాధి గురించి శరీరం ఇచ్చిన తొలి సమాచారం అదే.

ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన ప్రతిపాదన ఒక్కటే. కుష్ఠును పసిగట్టడానికి ఈ జిల్లా నూరేళ్లకు పైగా చర్మాన్ని చదవడం నేర్చుకుంది. పగటి వెలుతురులో ఒళ్లంతా చూడడం, తాకి చూడడం, పటం మీద గుర్తుపెట్టడం, అనుమానం వస్తే నమూనా తీయడం ఇక్కడి ఆరోగ్య కార్యకర్తలకు అలవాటైన పనులు. కుష్ఠు తగ్గుముఖం పట్టిన ఈ రోజుల్లో ఆ విద్య మరుగున పడకూడదు. దాన్ని చర్మం మీద తేలే లోపలి క్యాన్సర్ వైపు కూడా మళ్లించాలి.

ఆ విద్య ఇక్కడికి ఎలా వచ్చిందో ముందు గుర్తుచేసుకోవాలి. స్కాట్లండ్‌లో 1875లో పుట్టిన ఇసబెల్, ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా పొందారు. భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషన్ తరఫున హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. నిజామాబాదులో సాధారణ వైద్యం చేస్తున్న ఆమె దగ్గరికి ఎవరూ చేరనివ్వని కుష్ఠు రోగులు రావడం మొదలైంది. వారికి వేరే చోటు కావలసి వచ్చింది. స్థానిక ధనికుడు రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళం అందుకు ఊతమైంది. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసింది. 1923లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం దక్కింది. 1932లో ఆమె కన్నుమూశారు.

ఆనాడు కుష్ఠుకు సరైన మందు లేదు. చాల్‌మూగ్రా జాతి గింజల నూనెను సూదుల ద్వారా ఎక్కించేవారు. మందు అంత బలహీనమైనది కాబట్టే గుర్తించే కన్నుకు అంత విలువ వచ్చింది. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకుంటే వేళ్లు, కళ్లు, ముక్కు దక్కే అవకాశం ఉండేది. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టర్ జాన్ లో తరువాతి కాలంలో నైజీరియాలోని ఉజువాకోలి చేరుకుని, డాప్సోన్ మాత్రను నోటి ద్వారా ఇచ్చి కుష్ఠును అదుపు చేయవచ్చని చూపినవారిలో ముఖ్యుడయ్యాడు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు పదివేల మందికి ఒకరికన్నా తక్కువకు దిగింది. ఈ గెలుపులో మందుకు ఎంత వాటా ఉందో, ఊరూరా తిరిగి చర్మం చూసిన పారామెడికల్ సిబ్బందికీ అంత వాటా ఉంది. స్పర్శ లేని మచ్చ, లావెక్కిన నరం, చెవి తమ్మె మీద బొడిపె వంటి గుర్తులు వాళ్లకు కంఠతా వచ్చు.

చర్మం మీద కనిపించేదాన్ని బట్టి లోపలి సంగతి ఊహించే ప్రయత్నం మన వైద్యంలో మరింత పాతది. సుశ్రుత సంహిత గ్రంథిని, అర్బుదాన్ని వేరుచేసి చెప్పింది. గుండ్రంగా, కదలకుండా, లోతుగా పాతుకుని, నెమ్మదిగా పెరుగుతూ, చీము పట్టని గడ్డ అర్బుదం. ఉన్న అర్బుదం మీదే మరొకటి లేస్తే అది అధ్యర్బుదం. ఏకకాలంలోనో వెంటవెంటనో రెండు పుడితే ద్విరర్బుదం. సూక్ష్మదర్శిని లేని కాలంలో, ఒకచోటి గడ్డకూ మరోచోటి గడ్డకూ సంబంధం ఉండవచ్చని గమనించిన చూపు అది.

ఐరోపాలో ఈ ఆలోచన పంతొమ్మిదో శతాబ్దంలో రూపుకట్టింది. ఫ్రెంచి వైద్యుడు రెకామియె 1829లో మెటాస్టాసిస్ అన్న పేరును క్యాన్సర్ పాకడానికి వాడాడు. 1838లో వెల్పో, రొమ్ము క్యాన్సర్ ఛాతీ చర్మమంతా పరుచుకుని ఉక్కు కవచంలా బిగుసుకుపోయే స్థితిని వర్ణించాడు. ఆ స్థితికి కవచం పేరే నేటికీ నిలిచింది. 1889లో లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలు పరిశీలించి, వ్యాధి యాదృచ్ఛికంగా పాకడం లేదని తేల్చాడు. కాలేయంలో అంత తరచుగా కనిపించేది ప్లీహంలో ఎందుకు కనిపించదని ప్రశ్నించి, విత్తనానికి తగిన నేల దొరికినచోటే మొలక వస్తుందని జవాబిచ్చాడు. మంజీర నీటితో చెరుకు పండించిన బోధన్ రైతుకు ఈ వాదన విడమరచి చెప్పక్కరలేదు. ముచ్చె ఎంత మంచిదైనా నేల ఒప్పుకోకపోతే మొలక నిలవదు.

క్యాన్సర్ కణాలకు సాధారణంగా చర్మం అంతగా ఒప్పే నేల కాదు. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలు, మెదడు ముందు వరుసలో ఉంటాయి. అయినా రక్తనాళాల ద్వారా, శోషరస నాళాల ద్వారా, కొన్నిసార్లు పక్కనున్న కణితి నేరుగా చొచ్చుకురావడం ద్వారా కణాలు చర్మానికి చేరతాయి. వెన్నెముక చుట్టూ ఉండే సిరల్లో కవాటాలు ఉండవు కనుక రక్తం ఎటైనా ప్రవహించగలదని 1940లో బాట్సన్ చూపాడు. కటి భాగంలో, కడుపులో పుట్టిన క్యాన్సర్ ఊపిరితిత్తులను తాకకుండానే తలదాకా ఎలా వెళ్తుందో దీనివల్ల కొంత అర్థమైంది.

అంకెలు ఈ విషయానికి దాని అసలు పరిమాణాన్ని ఇస్తాయి. 1990లో అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి లుకింగ్‌బిల్ బృందం 7,316 మంది క్యాన్సర్ రోగుల రికార్డులను పరిశీలించి ప్రచురించిన అధ్యయనంలో, చర్మానికి వ్యాధి సోకినవారు 367 మంది, అంటే నూటికి అయిదుగురు. చర్మమే తొలి లక్షణమైనవారు 59 మంది, నూటికి ఒకరికన్నా తక్కువ. అదే బృందం 1993లో, వ్యాధి ఇతర అవయవాలకు పాకిన 4,020 మందిని పరిశీలించినప్పుడు నూటికి పదిమందిలో చర్మం మీద దాని జాడ ఉంది. అంతకుముందు 1972లో బ్రౌన్‌స్టీన్, హెల్విగ్ 724 మంది రోగుల మీద చేసిన పరిశీలన ఇంకో సంగతి చెప్పింది. స్త్రీలలో చర్మానికి పాకే క్యాన్సర్లలో సగానికి పైగా రొమ్మువే. పురుషులలో ఊపిరితిత్తి, పెద్దపేగు ముందున్నాయి. ముందుగా ఏ లక్షణమూ చూపకుండా చర్మం మీద తేలే స్వభావం ఊపిరితిత్తి, మూత్రపిండం, అండాశయం క్యాన్సర్లలో ఎక్కువ.

అంటే ఇది అరుదైన విషయం. ఒంటి మీద గడ్డ ఉన్న ప్రతి మనిషీ క్యాన్సర్ అని బెదిరిపోవలసిన అవసరం లేదు. మన ఊళ్లలో కనిపించే గడ్డల్లో అత్యధికం కొవ్వు గడ్డలు, సెగగడ్డలు, నీటి తిత్తులు, పాత గాయం మచ్చలు. అయినా అరుదైనది ఎవరికో ఒకరికి వచ్చి తీరుతుంది. వచ్చినప్పుడు వారాలు, నెలలు వృథా కాకుండా చూడడం ఆరోగ్య వ్యవస్థ బాధ్యత.

చర్మం మీద కనిపించినంత మాత్రాన వ్యాధి తొలిదశలో ఉన్నట్టు కాదన్న నిజాన్ని కూడా దాచకూడదు. ఆ గడ్డ రోగి కంటికి మొదటిదే. వ్యాధి లెక్కలో మాత్రం అది నాలుగో దశ. 2001లో ఫ్రాన్స్‌లో 200 మంది మీద వెలువడిన అధ్యయనంలో, చర్మానికి పాకిందని తెలిసిన తరువాత సగంమంది ఆరున్నర నెలలకు మించి బతకలేదు. రొమ్ము క్యాన్సర్ ఉన్నవారు అంతకన్నా ఎక్కువ కాలం, ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్నవారు తక్కువ కాలం బతికారు.

అలాంటప్పుడు ముందుగా గుర్తించి ప్రయోజనమేమిటన్న ప్రశ్న వస్తుంది. జవాబు చికిత్స చరిత్రలో ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే రసాయనాల తయారీకి దారి చూపారు. వాటిలో అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు మరణించిన సంవత్సరం కూడా అదే. దాని సోదరి మందు మెథోట్రెక్సేట్ ఈనాడు క్యాన్సర్ వార్డులోనూ ఉంది, సోరియాసిస్ రోగులు వచ్చే చర్మ వైద్యుడి గదిలోనూ ఉంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన ట్రాస్టుజుమాబ్, హెర్-2 రకం రొమ్ము క్యాన్సర్ రోగుల రాతను మార్చింది. ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఆల్క్ జన్యు మార్పులున్న వారికి రోజూ వేసుకునే మాత్రలు వచ్చాయి. నాలుగో దశలో కూడా ఏ రకం క్యాన్సర్ అన్నది సరిగ్గా తెలిస్తే ఇవ్వగలిగిన చికిత్స నిన్నటికన్నా నేడు ఎక్కువ. మనిషి నడిచే ఓపికతో ఉన్నప్పుడు మొదలుపెట్టిన మందుకూ, మంచం పట్టాక మొదలుపెట్టిన మందుకూ ఫలితంలో చాలా తేడా ఉంటుంది.

చర్మం మీది గడ్డ వైద్యుడికి మరో మేలు చేస్తుంది. ఊపిరితిత్తి లోతులో ఉన్న కణితి నుంచి ముక్క తీయాలంటే సీటీ యంత్రం, బ్రాంకోస్కోపీ, నిపుణుడు, కొంత ప్రమాదం తప్పవు. చర్మం మీది గడ్డనుంచి ముక్క తీయడానికి ఏరియా ఆసుపత్రి గది చాలు. లిగ్నోకెయిన్ సూదితో చోటు మొద్దుబారుతుంది. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి పంచ్ కత్తిని గడ్డ మీద నిటారుగా నిలిపి మెల్లగా తిప్పుతూ దించాలి. పైచర్మం దాటి, కింది చర్మం దాటి, కొవ్వు పొర తగిలేదాకా వెళ్లాలి. ఈ లోతు ముఖ్యం. లోపలినుంచి వచ్చిన క్యాన్సర్ కణాలు సాధారణంగా పైచర్మాన్ని వదిలేసి కింది పొరల్లో గూడు కడతాయి. పైపైన గీకిన ముక్కలో వ్యాధి లేనట్టే కనిపించవచ్చు. తీసిన ముక్కను పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ద్రవం ముక్కకు కనీసం పదింతలు ఉండాలి. ఒకటి రెండు కుట్లతో పని ముగుస్తుంది, మనిషి నడిచి ఇంటికి వెళ్తాడు.

ఆ ముక్కే తరువాత లోపలి అవయవం పేరు చెబుతుంది. పాథాలజిస్టు సాధారణ రంగులు వేసి చూస్తే అది పాకిన క్యాన్సర్ అని తెలుస్తుంది. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్షలో టీటీఎఫ్-1 వెలిగితే ఊపిరితిత్తి వైపు, గాటా-3 వెలిగితే రొమ్ము వైపు, పాక్స్-8 వెలిగితే మూత్రపిండం లేదా అండాశయం వైపు అనుమానం మళ్లుతుంది. సీకే-7, సీకే-20 అన్న జంట గుర్తులు పేగుకూ ఇతర అవయవాలకూ తేడా చెప్పడానికి సాయపడతాయి. ఏ స్కానింగు ముందు చేయించాలో తెలియక తిరిగే కుటుంబానికి ఈ ఫలితం దారి చూపుతుంది. చేసే పరీక్షల సంఖ్య తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది.

ముక్క తీస్తే, కత్తి తగిలితే వ్యాధి ఒళ్లంతా పాకుతుందన్న భయం ఈ ప్రాంతంలో ఇంకా బలంగా ఉంది. అది నిజం కాదు. చర్మం దాకా వచ్చిన వ్యాధి అప్పటికే పాకి వచ్చినది. ముక్క తీయడం దాన్ని పాకించదు, దాని పేరు కనుక్కుంటుంది. ఈ సంగతిని వైద్యుడు ఒక్కసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు. రోగి వెంట వచ్చిన పెద్దమనిషికి, నిర్ణయాలు తీసుకునే అన్నదమ్ములకు కూడా కూర్చోబెట్టి చెప్పాలి.

ఇలాంటి గడ్డల్లో అన్నిటికన్నా పేరుపొందింది బొడ్డు దగ్గర తేలేది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రోచెస్టర్ పట్టణంలో సెయింట్ మేరీస్ ఆసుపత్రి ఉంది. అక్కడ సిస్టర్ మేరీ జోసెఫ్ డెంప్సీ అనే క్రైస్తవ సన్యాసిని 1890 నుంచి 1915 దాకా డాక్టర్ విలియం మేయోకు శస్త్రచికిత్సల్లో మొదటి సహాయకురాలు. 1892 నుంచి 1939లో మరణించేదాకా ఆసుపత్రి నిర్వహణ బాధ్యత కూడా ఆమెదే. ఆపరేషన్‌కు ముందు రోగి కడుపును శుభ్రం చేస్తున్నప్పుడు కొందరి బొడ్డులో గట్టి గడ్డ ఆమె చేతికి తగిలేది. అలాంటి రోగుల్లో కడుపు తెరిస్తే క్యాన్సర్ అప్పటికే లోపలంతా వ్యాపించి ఉండేది. ఈ సంబంధాన్ని ఆమె గమనించి మేయోకు చెప్పింది. మేయో 1928లో దాని గురించి రాశాడు. 1949లో ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు హామిల్టన్ బెయిలీ తన పుస్తకంలో ఆ గడ్డకు ఆమె పేరు పెట్టాడు. వైద్యశాస్త్రంలో ఒక నర్సు పేరు మీద నిలిచిన అతికొద్ది లక్షణాల్లో ఇది ఒకటి.

కడుపు, కటి భాగాల క్యాన్సర్లున్న వారిలో నూటికి ఒకరి నుంచి ముగ్గురిలో ఈ గడ్డ కనిపిస్తుంది. పురుషుల్లో ఎక్కువగా జీర్ణాశయం, పేగుల నుంచి, స్త్రీలలో అండాశయం నుంచి వస్తుంది. చాలామందిలో రెండు సెంటీమీటర్లలోపే ఉంటుంది. గట్టిగా, అంచు సరిగా తెలియకుండా, కొన్నిసార్లు పైన పగిలి రసి కారుతూ ఉంటుంది. దాన్ని బొడ్డు హెర్నియా అనుకోవడం తేలిక. హెర్నియా దగ్గినప్పుడు ఉబ్బుతుంది, పడుకోబెట్టి నొక్కితే చాలాసార్లు లోపలికి పోతుంది. ఈ గడ్డ పోదు.

రొమ్ము క్యాన్సర్ చర్మాన్ని మరో వేషంలో పట్టుకుంటుంది. ఛాతీ మీద ఎరుపెక్కి, వేడిగా, కొంచెం ఉబ్బి, అచ్చం ఇన్‌ఫెక్షన్‌లా ఉంటుంది. యాంటిబయోటిక్ ఒక విడత ఇస్తారు, తగ్గదు. మందు మార్చి మరో విడత ఇస్తారు. రోగికి జ్వరం ఉండదు, రక్తపరీక్షలో చీము పట్టిన జాడ ఉండదు, ఎరుపు మాత్రం రోజురోజుకూ కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది. పూర్తి విడత మందు వాడినా తగ్గని ఛాతీ ఎరుపుకు తదుపరి అడుగు మూడో యాంటిబయోటిక్ కాకూడదు, ముక్క పరీక్ష కావాలి.

తల చర్మం మీద తేలేవి జుట్టు మాటున దాగుతాయి. మూత్రపిండపు క్యాన్సర్ గడ్డ ఎర్రగా, మెత్తగా, దువ్వెన తగిలితే రక్తం కారుతూ ఉంటుంది. రొమ్ము నుంచి వచ్చినది నొప్పి లేకుండా గుండ్రంగా జుట్టు ఊడిన మచ్చలా ఉంటుంది, పేనుకొరుకుడు అనిపిస్తుంది. వీటిని వైద్యుడికన్నా ముందు చూసేవారు క్షౌరశాలలో కత్తెర పట్టినవారు, ఇంట్లో జడ వేసేవారు.

నిజామాబాదు జిల్లాలో ఈ గుర్తులు మరుగున పడడానికి ప్రత్యేకమైన కారణాలున్నాయి. వాటిలో మొదటిది చర్మపు రంగు. వైద్యవిద్యార్థులు చదివే పాఠ్యపుస్తకాల్లోని చిత్రాలు చాలావరకు తెల్లని చర్మం మీద తీసినవి. అక్కడ గులాబీ రంగులో మెరిసే గడ్డ ఇక్కడి చామనఛాయ చర్మం మీద ఊదాగానో, నల్లగానో, ఏ రంగు తేడా లేకుండానో ఉంటుంది. ఎరుపు కోసం వెతికే కన్ను మోసపోతుంది. మన దగ్గర రంగుకన్నా స్పర్శ నమ్మదగినది.

పని మరో కారణం. 1923 నుంచి 1931 దాకా కట్టిన నిజాంసాగర్ నీళ్లు, 1937లో మొదలైన చక్కెర కర్మాగారం బోధన్ చుట్టూ చెరుకును జీవనాధారం చేశాయి. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినా చెరుకు పని తెలిసిన చేతులు ఆ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. చెరుకు కొట్టేవారి చేతులు, మెడ, ముఖం ఆకు అంచుల కోతలతో నిండి ఉంటాయి. ముల్లు విరిగిందనో, ఆకు కోసిందనో, దెబ్బ తగిలిందనో ప్రతి గడ్డకూ ఒక కారణం సిద్ధంగా దొరుకుతుంది. నొప్పి లేని గడ్డ కోసం ఒక రోజు కూలి పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధపడరు. పసుపు పంటకు పేరున్న జిల్లాలో గడ్డ మీద పసుపు పట్టు వేసి కొన్ని వారాలు చూడడం కూడా సహజం.

వీటితో పాటు పొగాకు ఉంది. నిజామాబాదు, దాని చుట్టుపక్కల జిల్లాల్లో వేల ఇళ్లలో ఆడవాళ్లు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి సంసారం ఈదుతున్నారు. ఆ బీడీలు తాగే మగవాళ్లకు ఊపిరితిత్తి, నోరు, గొంతు క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. మూత్రపిండపు క్యాన్సర్‌కు కూడా పొగ తాగడం ఒక కారణం. చర్మం మీద ముందుగా తేలే స్వభావమున్న క్యాన్సర్లకూ, ఈ ప్రాంతపు అలవాటుకూ ఉన్న ఈ దగ్గరితనాన్ని వైద్యులు మనసులో పెట్టుకోవాలి. ఏళ్ల తరబడి బీడీ తాగిన మనిషి ఛాతీ మీదో వీపు మీదో నెలలోపు పెరిగిన గట్టి గడ్డతో వస్తే, కొవ్వు గడ్డ అని పంపేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించడం కనీస ధర్మం.

కుష్ఠు గుర్తింపు నేర్పిన చూపు ఇక్కడే అక్కరకొస్తుంది, జాగ్రత్త లేకపోతే ఇక్కడే దారి తప్పిస్తుంది. నొప్పి లేని బొడిపెలు తీవ్ర రకపు కుష్ఠులోనూ ఉంటాయి. కాబట్టి చర్మానికి పాకిన క్యాన్సర్‌ను కుష్ఠుగా భ్రమపడే అవకాశం ఉంది. తేడా పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. తీవ్ర రకపు కుష్ఠులో బొడిపెలు ముఖం, చెవి తమ్మెల మీద రెండు వైపులా వస్తాయి, నరాలు లావెక్కుతాయి, చర్మం చిన్నగా కోసి తీసిన స్మియర్‌లో సూక్ష్మజీవులు గుంపులుగా కనిపిస్తాయి. క్యాన్సర్ గడ్డ ఒకటో కొన్నో ఒకచోట వస్తుంది, రాయిలా గట్టిగా ఉంటుంది, వారాల్లో పెరుగుతుంది, స్మియర్‌లో సూక్ష్మజీవులు ఉండవు. స్మియర్ తీసి ఏమీ కనబడనప్పుడు కుష్ఠు లేదని సంతోషించి పంపేయకుండా, మరేమిటన్న ప్రశ్న వేసుకోవాలి.

ఆ ప్రశ్న వేయగల స్థానంలో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగర్‌తో పాటు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు చేస్తున్నారు. కుష్ఠు రోగుల గుర్తింపు కోసం ఇంటింటి సర్వేలు జరుగుతున్నాయి. ఈ రెండు పనులూ చేసేది ఒకే మనిషి. మచ్చ కోసం వీపు చూసినప్పుడే గడ్డ కోసం తడమడానికి అదనంగా పట్టేది ఒక్క నిమిషం. అందుకు ఒకే పేజీ సూచన చాలు. ఆరు వారాలలోపు కొత్తగా వచ్చి పెరుగుతున్న గట్టి గడ్డ, నొక్కితే లోపలికి పోని బొడ్డు గడ్డ, మందులకు తగ్గని ఛాతీ ఎరుపు, తల మీద రక్తం కారే బొడిపె, గతంలో క్యాన్సర్ చికిత్స పొందిన వారి ఒంటి మీద ఏ కొత్త గడ్డయినా – ఈ అయిదింటిలో ఏ ఒక్కటి ఉన్నవారినైనా పల్లె దవాఖాన వైద్యుడి దగ్గర ఆపకుండా బోధన్ ఆసుపత్రికో, నిజామాబాదు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో పంపాలి. ఊళ్లో ముందుగా గడ్డ చూసే ఆర్ఎంపీలకు కూడా ఈ పేజీ అందాలి. వాళ్లను తప్పుపట్టి దూరం పెడితే రోగికి జరిగే మేలు లేదు.

స్త్రీల విషయంలో మరో మాట అవసరం. ఛాతీ మీది గడ్డను మగ వైద్యుడికి చూపడానికి వెనకాడే ఆడవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. డిచ్‌పల్లిలో వైద్యురాలు ఉండడం ఆనాటి స్త్రీలకు ఎంత భరోసా అయిందో ఊహించవచ్చు. తలుపు వేసిన గదిలో, మరో స్త్రీ సమక్షంలో, పగటి వెలుతురులో ఒళ్లంతా చూసే ఏర్పాటు ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉండాలి. సగం కప్పుకుని చూపిన గడ్డను సగమే చూడగలం.

గుర్తించాక దారి కూడా సుగమంగా ఉండాలి. హైదరాబాద్ రాష్ట్ర మంత్రిగా పనిచేసిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో వెలసిన ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి తెలంగాణ పేదలకు పెద్ద దిక్కు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ చికిత్స ఖర్చును చాలామంది తలమీంచి దించింది. అయినా నిజామాబాదు నుంచి ఆ ఆసుపత్రికి నూట డెబ్భై కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పరీక్ష కోసం ఒకసారి, ఫలితం కోసం మరోసారి, ఏ క్యాన్సరో తేలక ఇంకోసారి తిరిగే రోగి ఓపికా డబ్బూ దారిలోనే హరించుకుపోతాయి. 2013లో మొదలైన నిజామాబాదు ప్రభుత్వ వైద్య కళాశాలలో పాథాలజీ విభాగం ఉంది. ముక్క ఇక్కడే తీసి, ఇక్కడే చదివి, ఏ అవయవం నుంచి వచ్చిందో రాసిచ్చిన కాగితంతో రోగిని హైదరాబాద్ పంపితే మొదటి ప్రయాణంలోనే చికిత్స మొదలవుతుంది. చికిత్స సాధ్యపడని దశలో ఉన్నవారికి నొప్పి తగ్గించే మార్ఫిన్, పుండు శుభ్రం చేసే నర్సు, ధైర్యం చెప్పే మాట ఇంటి దగ్గరే దొరకాలి. కుష్ఠు రోగులను వారి కుటుంబాలే వెలివేసిన కాలంలో కెర్ దంపతులు చేసినది అచ్చంగా ఈ పనే.

ఈ సభ వైద్య కళాశాల ముందు ఒక కార్యక్రమాన్ని ఉంచుతోంది. చర్మవ్యాధుల విభాగం, పాథాలజీ, శస్త్రచికిత్స, సామాజిక వైద్యం విభాగాలు కలిసి ఈ జిల్లాలో చర్మానికి పాకిన క్యాన్సర్ల రిజిస్టరు ఒకటి తెరవాలి. రోగి పేరు లేకుండా, అతని అనుమతితో, గడ్డ ఫొటో, శరీరంలో అది ఉన్న చోటు, మొదట కనిపించిన తేదీ, ముక్క తీసిన తేదీ, తేలిన అవయవం పేరు అందులో నమోదు కావాలి. మన చర్మం రంగు మీద ఈ గడ్డలు ఎలా ఉంటాయో చూపే చిత్రాలు అందులోనుంచే తయారవుతాయి. ఈ రెండు తేదీల మధ్య ఎన్ని వారాలు గడిచాయో ఏటా లెక్కగట్టి ప్రకటించాలి. ఆ వారాలు ఏ మెట్టు దగ్గర పోతున్నాయో, ఇంట్లోనా, ఆర్ఎంపీ దగ్గరా, ఏరియా ఆసుపత్రిలోనా, ప్రయోగశాలలోనా అన్నది తెలిస్తే ఆ మెట్టునే ముందు సరిచేయవచ్చు. ఈ రిజిస్టరులో మొదటి పేజీ రాసే పనిని ఈ ఏడాది హౌస్ సర్జన్లకు అప్పగించాలని, కుష్ఠు సర్వేల్లో అనుభవమున్న పారామెడికల్ సిబ్బంది వారికి చర్మం చూసే పద్ధతి నేర్పాలని ఈ ఉపన్యాసం కోరుతోంది.